ఒక డిగ్రీ తక్కువ

“తట్టనక్కర్లేదు” అని రాసి, రొట్టెల మేస్త్రి రెండోసారి ఫెయిలయ్యాడు.

ప్రశ్న తెర మీద ఇంకా వెక్కిరిస్తూనే ఉంది. ఓవెన్ తలుపు తెరిచేముందు వేలి కణుపులతో ఎన్నిసార్లు తట్టాలి? తట్టాక ఎంతవరకు లెక్కపెట్టాలి? కింద ఎర్రక్షరాల్లో ఓ హెచ్చరిక: ఇది భద్రతకు సంబంధించిన ప్రశ్న, ఇది తప్పితే పేపరంతా తప్పినట్టే.

“లోపల ఎవరైనా స్నానం చేస్తుంటే కదా తట్టడానికి,” అన్నాడు మేస్త్రి.

కుట్టుమిషను ముందున్న భార్య తలెత్తలేదు. “ఇంకొక్క అవకాశమే ఉంది. జోకులు తరవాత వేద్దురుగాని.”

మేస్త్రి ఆ బేకరీలో ముప్పయ్యేళ్లుగా ఓవెన్ ముందు నిలబడే ఉన్నాడు. మోకాళ్లు అరిగాయి. ఇంకో రెండేళ్లు ఇలాగే నిలబడితే ఆ తరవాత నడిచే పని ఉండదని డాక్టరు చెప్పేశాడు. సరిగ్గా అప్పుడే సెక్షన్ హెడ్ రిటైరవుతున్నట్టు తెలిసి, రొట్టె విరిగి నేతిలో పడిందనుకున్నాడు. మేనేజరు వచ్చి నేతిగిన్నె పక్కకి జరిపాడు. ఆ కుర్చీలో కూర్చోవాలంటే డిగ్రీ ఉండాలట, పై ఏడాది ఆఖరు దాకా గడువట.

“రోజూ రెండొందల ఇరవై డిగ్రీల ముందు నిలబడేవాణ్ణి. ఒక్క డిగ్రీ తక్కువైందా సార్?” అని అడిగాడు మేస్త్రి. మేనేజరు నవ్వలేదు. పెద్ద చదువుల సిలబస్‌లో నవ్వు ఉండదు కాబోలని మేస్త్రి సరిపెట్టుకున్నాడు.

భార్య టైలరు. ఉన్న గుడ్డలోనే చొక్కా తీసే మనిషి. డిగ్రీని కూడా అలాగే కత్తిరించింది. పాత కేలండరు వెనక పెన్సిల్‌తో గీతలు గీసి, ఆన్‌లైన్ కాలేజీలన్నిటినీ కొలిచి, చవకైనది ఏరింది. ఆరునెలలకి ఒకటే ఫీజు. ఆ ఆరునెలల్లో ఎన్ని పేపర్లు నమిలితే అన్ని, ఎవరి వేగం వారిది. ఎప్పుడో పాసైన డిప్లొమాకి కొన్ని క్రెడిట్లు, ముప్పయ్యేళ్ల అనుభవానికి కొన్ని రాబట్టింది. క్రెడిట్ అంటే అప్పేమోనని మేస్త్రి జంకితే, “అరువు కాదండీ, పరువు” అని సంతకం పెట్టించింది.

పిండి పొంగేలోపు ఒక పాఠం, రొట్టె కాలేలోపు ఒక పాఠం చొప్పున మూడు విడతల్లో అన్నీ అయిపోయాయి. ఇంగ్లీషు పాసయ్యాడు, లెక్కలు పాసయ్యాడు, మనస్తత్వశాస్త్రం కూడా ఎలాగో పాసయ్యాడు. తీరా సొంత వృత్తి పేపర్లో పాసిపోయేలా ఉన్నాడు. శుక్రవారంతో విడత ముగుస్తుంది, శనివారంతో కుర్చీ గడువు.

ఆన్‌లైన్ ట్యూటర్‌కి మేస్త్రి పెద్ద ఉత్తరమే పంపాడు. ముప్పయ్యేళ్లలో తను ఒక్కసారి కూడా తలుపు తట్టలేదనీ, అయినా ఏ రొట్టే తన మీద అలగలేదనీ రాశాడు. జవాబు రెండు నిమిషాల్లో వచ్చింది.

“అనుభవం వేరు, పాఠం వేరు. పదకొండో పేజీ చూడండి.”

“అసలు ఎందుకు తట్టాలో అడగకపోయారా?” అంది భార్య.

“ఎందుకనే మాటంటేనే నాకు వణుకు. చాలా ఏళ్ల కిందట కాలేజీ నించి ఓ పిల్ల ట్రైనింగుకొచ్చింది. పిండి ఎందుకు పొంగుతుంది, పొంగింది ఎందుకు ఆగుతుంది, మీరెందుకు దగ్గుతున్నారు... నెల్లాళ్లు నా బుర్ర తిని, తిన్నదంతా నోట్‌బుక్కులో రాసుకుంది.”

“పాపం, ఏ జవాబులు రాసుకుందో.”

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉంది. వచ్చిన ప్రతి ట్రైనీకీ మొహం బిగబట్టి ఓ కోత కోయడం మేస్త్రికి సరదా. ఈస్ట్‌కి జోలపాట పాడితే పిండి మెత్తగా వస్తుందని ఆయన చెబితే, ఒకతను వారం రోజులు పాడాడు.

మర్నాడు మేనేజరు తనిఖీకి వచ్చాడు. ఎప్పటిలాగే ఓవెన్ తలుపు మీద మూడుసార్లు తట్టి, పెదాలు కదుపుతూ కాసేపు ఆగి, అప్పుడు తెరిచాడు. ఈమధ్య వచ్చిన పట్టభద్రులంతా అదే చేస్తున్నారు. అది వాళ్ల ప్రార్థనేమో అనుకుని మేస్త్రి ఇన్నాళ్లూ మర్యాదగా పక్కకి తప్పుకునేవాడు. ఇప్పుడు మాత్రం ఆ పెదాలకేసి చూస్తూ నిట్టూర్చాడు.

శుక్రవారం పొద్దున భార్య పక్కన కూర్చుంది. “మీ మోకాళ్లు ముఖ్యమా, మీ మాట ముఖ్యమా?”

మేస్త్రి మోకాళ్లవైపు చూసుకున్నాడు. మూడుసార్లు తట్టి, ఏడు వరకు లెక్కపెట్టాలి అని రాశాడు. ఓవెన్‌ని ఇప్పుడు పూర్తిగా అర్థం చేసుకున్నారంటూ కంప్యూటరు అభినందించింది.

కుర్చీ వచ్చింది. కుర్చీతోపాటు మేనేజరు మొదటి ఆర్డరు కూడా వచ్చింది: పాతవాళ్లందరికీ తలుపు తట్టడం నేర్పించాలి. మేస్త్రి కూర్చునే నేర్పించాడు. పాతికమంది టకటకమని తట్టి ఏడు అంకెలూ పైకి చదువుతుంటే, బేకరీ కాస్తా ఒకటో తరగతిలా తయారైంది.

ఆ తరవాతి ఆదివారం భార్య, ప్రింటు తీసిన పాఠాల కాగితాలు ముందేసుకుని చొక్కా కాలరుకి నమూనాలు కత్తిరిస్తోంది. మార్కులు రావని మేస్త్రి ఎన్నడూ చదవని మొదటి పేజీ దగ్గర కత్తెర ఆగింది. పైకి చదివింది.

“ఓవెన్ తలుపు తట్టే పద్ధతి నేర్పి, నా ప్రతి ప్రశ్నకీ ఓపిగ్గా జవాబిచ్చిన నా మొదటి గురువు, నా పేరు కూడా అడగని ఆ రొట్టెల మేస్త్రికి అంకితం.”

కాగితం దించి మొగుడి మొహంలోకి చూసింది.

“ఇంతకీ ఏడు దాకా ఎందుకు లెక్కపెట్టమన్నారండీ?”

మేస్త్రి మోకాళ్లు రాసుకుంటూ కిటికీవైపు తిరిగాడు.

“ఆ ఏడంకెలసేపైనా ఆ పిల్ల నోరు మూస్తుందని.”