ఎర్ర తాళం

"నిన్నటిదాకా తెరుచుకున్నది ఇవాళ ఎందుకు తెరుచుకోదండీ?" లెక్చరర్ కౌంటర్ మీద గట్టిగా చరిచింది. రీడింగ్ హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి.

లైబ్రేరియన్ కళ్ళజోడు సవరించుకున్నాడు. "నిన్నటిది పాత సిస్టం అమ్మా. పొద్దున్నే ఆపేశాం. యూనివర్సిటీ థీసిస్‌లన్నీ కొత్తదాంట్లోకి మార్చేశాం."

"మార్చండి, ఎవరొద్దన్నారు? నాదానికి తాళమెందుకు వేశారు?"

కంప్యూటర్ తెర మీద ఆమె పేరుంది, ఆమె థీసిస్ పేరుంది. పక్కనే చిన్న ఎర్ర తాళం బొమ్మ. ఎన్నిసార్లు నొక్కినా 'అనుమతి లేదు' అంటుందే తప్ప కదలదు మహాతల్లి. దరఖాస్తులో ఆమె ఇచ్చిన ఈ థీసిస్ లింకు నాలుగింటిలోగా తెరుచుకుంటేనే సెలెక్షన్ కమిటీ ఆమెను ఇంటర్వ్యూకి పిలుస్తుంది. లేకపోతే ఏడేళ్ళుగా ఎదురుచూస్తున్న పర్మనెంట్ పోస్టు ఇంకొకరికి పోతుంది. గోడ గడియారంలో మూడూ నలభై.

"నా దగ్గరున్న కాపీ పంపుతానంటే కమిటీవాళ్ళు ఒప్పుకోరట. లైబ్రరీలో ఉన్నదే అసలుదట!"

"అవునమ్మా, రూలంతే."

"రాసింది నేనే కదా! ఇదిగో ఐడీ కార్డు. తీయండి."

"తీయలేనమ్మా. రాసినవాళ్ళ కోరిక మీద వేసిన తాళమని చూపిస్తోంది."

"నేనెందుకు కోరతానండీ, నాకేమైనా పిచ్చా?" ఆమెకు ఏడుపొచ్చేసింది. "మీ డైరెక్టర్‌గారికి ఫోన్ చేయండి."

"ఆయన సన్మానంలో ఉన్నారు. కొత్త సిస్టం బాగా పనిచేస్తోందని."

ఆమె ఫోన్ మోగింది. కమిటీ ఆఫీసు గుమాస్తా. "మేడమ్, అందరివీ తెరుచుకున్నాయి. మీదొక్కటే మిగిలింది."

"రెండు నిమిషాలు బాబూ, నీకు పుణ్యముంటుంది!" అని పెట్టేసి లైబ్రేరియన్ వైపు తిరిగింది. కోపమంతా ఎటో పోయింది. "అన్నయ్యా, మీ చెల్లెలనుకోండి. నా బతుకు బుగ్గిపాలు చేయకండి."

లైబ్రేరియన్ మొహం చిన్నబోయింది. "నాకు మాత్రం సరదానా అమ్మా? పాతదాంట్లో ఎవరి షరతులూ ఎక్కించలేదు. అందుకే అన్నీ తెరుచుకునేవి. ఈసారి మూడు నెలలు కూర్చుని, ప్రతి ఫైలూ దులిపి, అందులో ఉన్న ఉత్తరాలు చదివి మరీ ఎక్కించాం. మీ ఫైల్లోనూ ఏదో ఉత్తరం ఉండే ఉంటుంది."

"నా ఫైల్లోనా? ఏ పనికిమాలినవాళ్ళు రాశారో తెండి ఇటు. వాళ్ళ అంతు చూస్తాను!"

ఆయన లోపలికి వెళ్ళాడు. ఎంతకీ రాడు. మూడూ యాభై నాలుగుకి తుమ్ముకుంటూ ఒక పాత అట్టఫైలు తెచ్చి ముందు పెట్టాడు.

ఆమె చప్పున లాక్కుని తెరిచింది. మొదటి కాగితం మీద నీలం సిరా, గుండ్రటి అక్షరాలు. కింద సంతకం, ఏడేళ్ళ కిందటి తేదీ. ఆమె కుర్చీలో కూలబడింది.

ఏం రాసుందోనని లైబ్రేరియన్ వంగి పైకి చదివాడు.

"అయ్యా, నా థీసిస్‌ను కాపీ కొట్టడానికి ఎంతోమంది కాచుకుని కూర్చున్నారు. కనుక పదేళ్ళ వరకు దీన్ని ఎవరికీ చూపించవద్దు. ఆఖరికి నేనే వచ్చి కాళ్ళావేళ్ళా పడినా సరే, ఎవరో నా వేషంలో వచ్చారనుకుని వెళ్ళగొట్టండి."