బేరానికొచ్చిన మనిషి

“పెళ్ళికాని పిల్లకి కింద నుంచి సూదేటి బాబూ? మాకొద్దు.”

దాలమ్మ కూతురి చెయ్యి పట్టుకుని విసురుగా బయటికొచ్చేసింది. డాక్టర్ జగన్నాధం ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు.

శ్రావణి మెడలో గడ్డలు కేన్సరని తేలింది. మందెక్కిస్తే ప్రాణం దక్కుతుంది గానీ అండాలు మిగలకపోవచ్చు, ముందే తీసి దాచుకుంటే రేపు తల్లి కావచ్చు అన్నాడాయన.

“నాకు పిల్లలు కావాలమ్మా,” శ్రావణి ఏడ్చింది. “ఆయన మాట పూర్తిగా విన్లేదు నువ్వు.”

“రేపు నీ మొగుడికేటి సెప్పుకోమంటావే?”

మందెక్కించే రోజు ఆసుపత్రి వరండాలో ఒకావిడ పాపను చంకనేసుకుని దాలమ్మ పక్కన చేరింది.

“పిల్లకి వయసెంత పిన్నీ? పెళ్ళి కాలేదు కదా?” మెల్లగా అడిగింది. “గుడ్లు తియ్యడానికి ఇంకో దారున్నాది. పొట్ట మీంచి...”

దాలమ్మకు ఒళ్ళు మండింది. రేవులో గంప దించకముందే చెవి దగ్గరకొచ్చి గుసగుసలాడేవాడు దళారీ. చేపలమ్మి బతికిన మనిషికి ఆ సంగతి ఒకరు చెప్పాలా? ఆడపిల్లల గుడ్లు కొనేవాళ్ళున్నారని టీవీలో విననే వింది. చంకలో పాప కూడా నమ్మించడానికే.

“నా పిల్ల గుడ్లకి బేరానికొచ్చినావా? లేసి నడు. లేకపోతే జుట్టట్టుకుని ఈడుస్తాను.”

“అది కాదు పిన్నీ...”

“అమ్మా, ఏటి సెప్తాదో విను,” శ్రావణి బతిమాలింది.

వరండా అంతా తిరిగి చూసింది. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

“మేమేటీ దాసుకోం. మందెక్కించీండి,” నర్సుతో చెప్పేసింది దాలమ్మ. తల్లి మాట దాటలేక శ్రావణి తలూపింది.

సాయంత్రానికి పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. ఎంత పిలిచినా పలకలేదు. అది చూడలేక దాలమ్మ డాక్టర్ దగ్గరకు పరుగెత్తింది.

“బాబూ, పొట్ట మీంచి తీస్తారంట, నిజమేనా?”

“నిజమే. స్కాన్‌లో చూస్తూ సన్నటి సూది దించుతారు. ఆ రోజు చెప్పబోతే లేచి వెళ్ళిపోయారు.”

“అయితే తీసీండి బాబూ. కాళ్ళట్టుకుంటాను.”

“మందు పడిపోయిందమ్మా. ఇప్పుడు తియ్యకూడదు.” ఆయన గొంతు తగ్గింది. “నా మాట వినలేదని అనూరాధను గరివిడి నుంచి పిలిపించాను. రాలేదా?”

దాలమ్మ వరండా వైపు తిరిగి చూసింది.

“పాపనెత్తుకున్న మనిసా? ఎవరు బాబూ ఆవిడ?”

“మీ పిల్లకొచ్చిన జబ్బే పెళ్ళికి ముందు ఆవిడకీ వచ్చింది. ఆ చంకలో పాప, అప్పుడు పొట్ట మీంచి తీసి దాచిన అండమే.”