వేలికి సిరా

"ఊఁ, వేలు పెట్టు," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ గణపతి.

పెంచలమ్మ ఎడమచేతి బొటనవేలికి అప్పటికే సిరా పూశాడు.

వేలు కాగితానికి తాకబోతుండగా వరండాలోంచి ఓ గొంతు వినిపించింది.

"సదివి వినిపించమను తల్లీ."

పెంచలమ్మ తిరిగి చూసింది. అరుగు మీది ముసలాయన.

అతుకుల చొక్కా, మాసిన తలపాగా. పొద్దున తాను రాగానే జరిగి చోటిచ్చాడు. ఆమె ఎగాదిగా చూసి, అంతదూరంలో కూర్చుంది.

లోపలికి పిలిచినప్పుడు సద్ది మూట బయటే పెట్టి రమ్మన్నారు. అరుగు ఆ చివర పెట్టి, మూడుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంది.

"నువ్వెవురప్పా మధ్యన? ప్లీడరువా?" గణపతి కసిరాడు.

"నేనెవురైతే ఏంది సామీ? చెప్పింది రాయల్ల. రాసింది సదివి వినిపించల్ల. ఆ తర్వాతనే వేలిముద్ర. నూట యాభై నాలుగో సెక్షను."

మూలనున్న కానిస్టేబుల్ వలి బాషా తల వంచుకున్నాడు, నవ్వు కనపడకుండా.

పెంచలమ్మ సిరా వేలిని గుప్పిట్లో దాచుకుంది.

"సదువు సారూ."

"ఏం, నా మింద నమ్మకం లేదా?"

"నా గొర్రెల మొగాలైతే ఒక్కోటీ గుర్తుపడ్తా. ఈ గీతల మొగాలు నాకెట్ల తెలుస్తాయి?"

గణపతి గొంతు సవరించుకుని గబగబా చదివాడు.

"నా గొర్రెలు తొమ్మిది మేతకు పోయి తప్పిపోయినవి. ఎవరి మీదా అనుమానం లేదు..."

"తప్పిపోయినాయా?" పెంచలమ్మ గొంతు స్టేషనంతా మోగింది. "పెన్నలో నీళ్లు తాపుతాంటే, నా కండ్ల ముందర, మిట్టమధ్యాన్నం తోలకపాయ గదా! సంత దళారి చెన్నకేశవ! ఆ పేరు యాడ?"

"చెన్నకేశవ పెద్దోళ్ల మనిషి. నీకెందుకొచ్చిన తంటా?"

"ఆ తొమ్మిది పోతే నా ఇంట్లో పొయ్యి రాజదు. పేరు రాయి సారూ."

గణపతి వరండాకేసి చూశాడు. ముసలాయన కదల్లేదు.

కొత్త కాగితం వచ్చింది. పేరు ఎక్కింది.

"ఇంగోసారి సదువు," అంది పెంచలమ్మ.

చదివాడు.

ఆరిన వేలికి మళ్లీ సిరా పూయించుకుని, నిదానంగా, గట్టిగా అద్దింది.

తలెత్తుకుని బయటికొచ్చింది.

అరుగు ఖాళీగా ఉంది. తన మూటను ఎవరో ఎండలోంచి నీడకు జరిపి, కుక్క ముట్టకుండా గోడ గూట్లో పెట్టారు. కట్టిన ముడి కట్టినట్టే ఉంది.

"ఆ పెద్దాయప్ప ఎవురు నాయనా? కోర్టు గుమాస్తానా?" వలి బాషాని అడిగింది.

"కాదమ్మా. దొరల కాలంలో, పుట్టుకతోనే దొంగలని చట్టం రాసిపెట్న్యారే, ఆ కులమోడు. ఆ చట్టం ఎప్పుడో పాయ. అయినా సంతనాడు వచ్చి కూచుంటాడు, నీయట్లాటోళ్లకు చెప్పేదానికి."

పెంచలమ్మ చేతిలో మూట బరువెక్కింది.

"మరి సెక్షన్లు యాడ నేర్చుకున్యాడు?"

"ఈడనే, వినీ వినీ. ఇరవై యేండ్లు పొద్దునా సాయంత్రం ఈ అరుగు మిందికొచ్చి, ఊరు దాటి పోలేదని వేలిముద్ర వేసిపోయినోడమ్మా. ఆ కాగితాల్లో ఏముండాదో ఒక్కనాడూ ఆయప్పకు ఎవురూ సదివి వినిపియ్యల్యా."