అమ్మగారి సెంటిమెంటు

పటమటలో వెంకటప్పయ్య కడుతున్న అపార్ట్‌మెంటులో ఫ్లాట్లన్నీ అమ్ముడుపోయాయి, ఐదో అంతస్తులో ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఆయన మెడకు గుదిబండయింది. బ్యాంకువాళ్ల ఫోన్లు ఎత్తడం కూడా మానేశాడు.

సరిగ్గా అప్పుడు కనకలక్ష్మిగారు ఆటో దిగారు. పట్టుచీర, మెడలో పేటల గొలుసు.

"ఐదో అంతస్తులో ఏదో ఉందన్నారు, చూద్దామని వచ్చానండీ."

వెంకటప్పయ్య తన కుర్చీ ఆవిడకిచ్చి కొబ్బరిబోండం కొట్టించాడు. పైకి దగ్గరుండి తీసుకెళ్లాడు.

ఆవిడ వంటిల్లు చూడలేదు. దేవుడి గది ఎటని అడగలేదు. తిన్నగా వెళ్లి, లిఫ్టు కోసం వదిలిన గొయ్యిలోకి తొంగిచూశారు.

"ఇది నైరుతి కదండీ?"

"అవునండీ."

"నైరుతిలో నోరు తెరుచుకున్న గొయ్యా? యజమాని ప్రాణం మీదికొస్తుందంటారు. మూయించండి."

ఆ గొయ్యికి అడ్డం పెట్టించండి మొర్రో అని సైటు ఇంజనీరు జయంత్ ఉగాది నుంచీ మొత్తుకుంటున్నాడు. "ఇదేమన్నా ఫ్లైఓవరా, ఐదంతస్తుల కొంప" అని కొట్టిపారేసేవాడు వెంకటప్పయ్య. పోయిన నెల ఆయనదే ఇంకో సైటులో కూలీ ఒకడు జారిపడి నడుం విరగ్గొట్టుకుంటే, "వాడి గ్రహచారం" అన్నాడు. కానీ యజమాని గ్రహచారం వేరు కదా. సాయంత్రానికల్లా అన్ని అంతస్తుల్లోనూ గొయ్యికి ఇనుప జాలీలు బిగిశాయి.

ఆవిడ మళ్లీ వచ్చారు.

"స్లాబు చుట్టూ అడ్డే లేదు. అడ్డు లేని అంచున లక్ష్మి నిలవదండీ."

చుట్టూ పైపులు కట్టించాడు.

ఇంకోసారి వచ్చినప్పుడు స్లాబు తడపడానికి పెట్టిన క్యూరింగు నీళ్లలో నానుతున్న కరెంటు తీగ ఆవిడ కంటబడింది. "నిప్పూ నీరూ ఒకేచోట ఉంటే ఆలుమగలకు పడదండీ" అన్నారు. తీగ గోడెక్కింది. మన శాస్త్రాల్లో ఇంత ఉందని జయంత్‌కు ఇంజనీరింగు కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

ఒకరోజు కింద నిలబడి పైకి చూస్తూ ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. నాలుగో అంతస్తు దగ్గర, పరంజా కర్ర మీద నిలబడి ఒకడు సిమెంటు పూస్తున్నాడు.

"ఆ ఎర్రచొక్కా అబ్బాయికి బెల్టేదండీ? రక్తం చుక్క పడిన ఇంట్లో నేను పాలు పొంగించను. అది మా సెంటిమెంటు."

"ఒరేయ్, అమ్మగారు చూస్తున్నారు, దిగరా" అని కేకేశాడు వెంకటప్పయ్య. ఆ పూటే బజారుకెళ్లి అందరికీ బెల్టులు, హెల్మెట్లు తెచ్చాడు.

"తల ఉడికిపోద్దండీ" అని నసిగాడు ఎర్రచొక్కా. ఆవిడ కళ్లెర్రజేశారు. గొణుక్కుంటూనే పెట్టుకున్నాడు.

జయంత్‌కైతే ఆవిడ కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది. "మీరిలా వస్తూ ఉండండమ్మా" అన్నాడు.

"పనయ్యేదాకా వస్తాను బాబూ."

ఒక్క సంగతే వెంకటప్పయ్యకు అంతుపట్టలేదు. ఇన్నిసార్లు వచ్చినా ఆవిడ ధర అడగలేదు. బేరమాడని పార్టీయే గట్టి పార్టీ అని తనకు తనే నచ్చజెప్పుకున్నాడు.

బయటి ప్లాస్టరింగు అయిపోయింది. పరంజా విప్పేశారు. ఇంత పనిలోనూ ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. వెంకటప్పయ్య స్వీటు బాక్సుతో ఎదురొచ్చాడు.

"అమ్మగారూ, మరి అడ్వాన్సు సంగతి?"

ఆవిడ భవనాన్ని పైనుంచి కిందిదాకా తృప్తిగా చూసుకున్నారు. "మావారినడిగి చెబుతానండీ" అని బాక్సు అందుకుని బయల్దేరారు.

సందు మలుపులో బండి స్టార్టు చేసి ఉంచిన ఎర్రచొక్కా, ఆవిడ చేతిలోని స్వీటు బాక్సు లాక్కుంటూ అన్నాడు: "ఎక్కమ్మా, చీరా గొలుసూ పిన్నికిచ్చేసి పోదాం, సోమవారం నుంచి నాకు పామర్రులో పని, అక్కడ ఫ్లాటు చూడ్డానికి ఇంకో చీర అడిగి తెచ్చుకో."