బీరువా వెనక గోడ

"ఇంకొంచెం ఎడమకి జరపండి. ఆఁ, చాలు. ఇప్పుడు కనపడట్లేదు."

ఒకటో తరగతి గదిలో గోడ నిలువునా చీలింది. టైలరు దానికి అడ్డంగా బీరువా పెట్టించాడు. బీరువాకి అందని పైభాగం మీద జంతువుల పటం అంటించాడు. అయినా ఏనుగు తొండం పక్కన చీలిక తొంగి చూస్తూనే ఉంది.

టైలరు బడి కమిటీకి పెద్ద. చిరుగు కనపడకుండా కుట్టడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. బట్టకైనా గోడకైనా ఒకటే పద్ధతి అనుకున్నాడు పాపం.

ఆ సాయంత్రం బడి హాల్లోనే బడ్జెట్ సభ. ఈ ఏడు డబ్బు చాలక విద్యా బోర్డు రెండు బళ్ళు నడపలేనంది. ఒకటి ఇది. రెండోది కొండకి అవతల క్వారీ కాలనీలో ఉంది. ఒకదాన్ని బాగుచేసి ఉంచుతారు, ఇంకోదాన్ని మూసేస్తారు.

"బీటలు వారిన బడిని ఎవరుంచుతారు? గోడ సంగతి ఎవరూ ఎత్తకండి," అన్నాడు టైలరు.

"పసిపిల్లలు కూర్చునే గదయ్యా," అంది ఆయా.

"బడే పోతే ఆ పసిపిల్లలు రోజూ కొండెక్కి దిగాలి. అది నయమా?"

ఆయా చీపురు తీసుకుని బయటికి నడిచింది.

మధ్యాహ్నం పిల్లలు బయట ఆడుకుంటుండగా ఎవరో కొత్త మనిషి వచ్చాడు. నలిగిన చొక్కా, మందపాటి కళ్ళజోడు. తిన్నగా ఒకటో తరగతిలోకి వెళ్ళి, పటం దగ్గర ఆగి, బీరువా వెనక్కి తొంగి చూశాడు. తర్వాత గోడ వారనున్న బెంచీలు ఒక్కొక్కటే గది మధ్యకి లాగడం మొదలుపెట్టాడు.

టైలరు పరుగున వచ్చాడు.

"ఎవరండీ మీరు? ఏమిటీ పని?"

"ఈ గోడ పక్కన పిల్లల్ని కూర్చోపెట్టకండి."

"నా మనవరాలు అక్కడే కూర్చుంటుంది. నాకు లేని భయం మీకెందుకు?"

"మీకూ ఉందిగా. లేకపోతే బీరువా ఎందుకు జరిపారు?"

టైలరు ముఖం మాడిపోయింది.

"బోర్డు పంపిందా మిమ్మల్ని?"

"ఎవరూ పంపలేదు. చూసిపోదామని నేనే వచ్చాను."

"చూశారుగా. ఇక దయచేయండి."

ఆయన వెళ్ళగానే టైలరు బెంచీలన్నీ మళ్ళీ గోడ దగ్గరికి తోశాడు. మనవరాలు కూర్చునే బెంచీ దగ్గర మాత్రం చెయ్యి కాసేపు ఆగింది. చివరికి దాన్నీ తోశాడు.

ఈలోగా వీధిలో కబురు పాకింది. టీకొట్టు దగ్గర ఆయన ఇంజనీరయ్యాడు. కూరల బండి దగ్గర, కాలనీవాళ్ళు డబ్బిచ్చి పంపిన మనిషయ్యాడు. సాయంత్రమయ్యేసరికి బడి స్థలం కొనేసినవాడు కూడా ఆయనే.

సభకి ఊరంతా వచ్చింది. కుర్చీలు దొరకని తల్లులు చంటిపిల్లల్ని ఎత్తుకుని గోడలకి ఆనుకున్నారు.

"గోడలన్నీ బాగున్నాయా?" అడిగింది బోర్డు అధ్యక్షురాలు.

"ఉక్కులా ఉన్నాయి మేడం," అన్నాడు టైలరు. హాలంతా చప్పట్లు.

వెనక వరసలోంచి ఆ కొత్త మనిషి లేచాడు.

"ఒకటో తరగతి గోడ పగిలింది. ఎప్పుడైనా కూలొచ్చు. కానీ..."

ఆ తర్వాతి మాట ఎవరికీ వినపడలేదు. హాలు భగ్గుమంది.

"ఎంతకి అమ్ముడుపోయావు?"

"మా పిల్లల నోట్లో మట్టి కొట్టడానికొచ్చావా?"

"అమ్మా, నన్ను పూర్తిగా చెప్పనివ్వండి..."

అధ్యక్షురాలు బల్ల చరుస్తూనే ఉంది. టైలరు ఆయన భుజం పట్టుకుని గుమ్మం దాకా తోశాడు. కళ్ళజోడు కిందపడింది. ఆయనే వంగి తీసుకుని, చొక్కా కొసతో తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఆయా ఒక్కతే తల దించుకుంది.

బోర్డు సభ్యులు పక్క గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. హాల్లో చంటిపిల్లలు కూడా ఏడవడం మానేశారు. అంతా అయిపోయిందనే అనుకున్నాడు టైలరు. మనవరాలు చిన్న సంచీ తగిలించుకుని కొండెక్కుతున్నట్టు కళ్ళకి కట్టింది.

తలుపు తెరుచుకుంది.

"డబ్బు ఈ బడికే ఇస్తున్నాం. ఇది ఉంటుంది. కాలనీ బడి మూసేస్తాం."

జనం ఒకర్నొకరు వాటేసుకున్నారు. టైలరు పైకే ఏడ్చేశాడు.

"గోడ బాగుందని నమ్మారు. అదే పదివేలు మేడం!"

"నమ్మలేదు," అంది అధ్యక్షురాలు. "ఉన్న డబ్బు మరమ్మతులకే. బాగున్న గోడకి మరమ్మతెందుకు? మీ మాటే నమ్మితే ఆ డబ్బు కాలనీ బడికే వెళ్ళేది."

గోల చప్పున చల్లారింది.

"మీరు గెంటేసిన ఆయన ఇవాళ మధ్యాహ్నం నా దగ్గరికొచ్చి బతిమాలారు. గోడ పగిలింది, కానీ గోడ కట్టుకోవచ్చు, ఇంతమంది పసివాళ్ళని కొండ దాటించొద్దు, అవతలి పిల్లలు కొద్దిమందే, వ్యానులో తీసుకురావచ్చు అన్నారు. అదే అందరి ముందూ చెప్పమన్నాను. మీరు సగమే చెప్పనిచ్చారు."

టైలరు చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తాడు. బస్టాపులో ఎవరూ లేరు. రొప్పుతూ తిరిగొచ్చాడు.

"ఆయన ఎక్కడుంటారు మేడం? రేపే వెళ్ళి కాళ్ళ మీద పడతాను."



"రేపు వద్దులెండి," అంది అధ్యక్షురాలు నెమ్మదిగా. "బడి పోతే ఆ సంగతి రేపు పిల్లలకి తన నోటితోనే చెప్పుకుంటానన్నారు. ఆ కాలనీ బడి పెద్ద మాస్టారు ఆయనే."