అన్న వేసిన చిల్లు

“ఈ ఓట్టై ఎవురు వేసింది?”

మోహన్‌రాజ్ చెయ్యి చేపల తొట్టి మీదుగా వంగిన పైపు దగ్గర ఆగిపోయింది. పైపుకి పెన్సిలు మొనంత చిల్లు. అందులోంచి సన్నటి ధార చిమ్మి తొట్టిలోనే పడుతోంది.

“బావ,” అంది అతని భార్య వళ్లి, వంటింట్లోంచి వస్తూ. “నిన్న మీరు అవినాశి ఊరికి పోయినాక...”

“ఆయన మాట నా దగ్గిర ఎత్తొద్దని ఎన్నిసార్లు చెప్పినా?”

రెండున్నర అడుగుల ఉప్పునీళ్ల తొట్టి అది. అందులో నారింజ చారల చేపలు రెండు. తొట్టి కింద చెక్కపెట్టెలో సంప్ అనే ఇంకో గాజు పెట్టె. పైనీళ్లు ఒక పైపులో దిగి అక్కడ వడపోత అయ్యాక, మోటారు వాటిని ఈ రెండో పైపులో మళ్లీ పైకి తోస్తుంది. వారం రోజులు మోకాళ్లు అరగదీసుకుని ఈ పైపులన్నీ మోహన్‌రాజే బిగించాడు. కింది వాటాలో ఉండే అన్న నాగరాజన్‌ది ఆ వారమంతా ఒకటే పాట. “మా కప్పులోంచి ఒక్క చుక్క పడిందా, తొట్టి పగలగొడతా.” అన్నంత పనీ చేసే మనిషి.

“నీళ్లు తొట్టిలోకే కదా పడతాండాయి,” అంది వళ్లి.

“ఇవాళ తొట్టిలోకి. రేపు పైపు చీలి నేల మీదికి. ఆయనకి కావాల్సింది అదే. వేణుమ్నే, కావాలనే వేసినాడు.”

విసురుగా మెట్ల దగ్గరికి పోయాడు, వెనకాలే వళ్లి. నాగరాజన్ కింది మెట్టు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. పోదనూరు రైల్వేలో ముప్పై ఏళ్లు పంపు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. అన్నదమ్ములకి ఆర్నెల్లుగా మాటల్లేవు. తిట్లు మాత్రం వళ్లి ద్వారా ఏ లోటూ లేకుండా నడుస్తున్నాయి.

“వళ్లీ, మా పైపుకి ఓట్టై ఏల వేసినాడో అడుగు.”

“అమ్మా వళ్లీ, అవును, నేనే వేసినా. దాన్ని మూయొద్దని చెప్పు.”

“దొంగతనంగా ఇంట్లో దూరి పైపు తొలిచినోడు నాకు చెప్పేదేందని అడుగు.”

నాగరాజన్ ముఖం కందగడ్డయింది. పేపరు మడిచి లేచాడు. “సరి, ఇంకేమీ చెప్పొద్దులేమ్మా. మూసుకోమను.” లోపలికి పోయి తలుపు ధడేల్మని వేసుకున్నాడు.

“అది ఏల వేసినారంటే...” వళ్లి మొదలుపెట్టింది.

“నువ్వు ఆ పక్కా, ఈ పక్కా?”

వళ్లి మూతి ముడుచుకుని వంటింట్లోకి పోయింది.

మోహన్‌రాజ్ మోటారు ఆపాడు. సంప్‌లో నీళ్లు కాస్త పైకి లేచి ఆగాయి. ఎం-సీల్ ముద్ద చిల్లులో కూరి, అది గట్టిపడ్డాక మోటారు వేశాడు. ధార లేదు. మీసం దువ్వుకున్నాడు.

మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయింది.

మోటారు ఆగింది. పైకి తోసే బలం పోయేసరికి తొట్టిలో మునిగిన దాని కొసలోంచి నీళ్లు అదే పైపులో వెనక్కి దిగసాగాయి. సంప్ నిండింది. ఈసారి ఆగలేదు. అంచు దాటి హాలంతా పారాయి. మోహన్‌రాజ్ చెంబుతో తోడాడు, బకెట్ పెట్టాడు, ఆఖరికి తన పంచె కూడా అడ్డం వేశాడు. చేపలు తొట్టి అడుగుకి చేరి బెదురుగా తిరుగుతున్నాయి. కింద నుంచి వదిన కేక వినిపించింది. “పరుపు మీద పడతాండాయి నీళ్లు, రండి చూడండి.”

మెట్ల మీద బరువైన అడుగులు. గుమ్మంలో నాగరాజన్, చేతిలో ఏదో ఇనుప సామానుతో.

మోహన్‌రాజ్ తొట్టికి అడ్డంగా నిలబడ్డాడు. “పగలగొట్టొద్దన్నా,” అన్నాడు. ఆర్నెల్లలో అన్నతో నేరుగా ఆడిన మొదటి మాట అదే.

నాగరాజన్ అతన్ని పక్కకి నెట్టాడు. చేతిలోది చేత్తో తిప్పే పాత డ్రిల్లు. ఎం-సీల్ ముద్దకి దాని మొన ఆనించి నాలుగు తిప్పులు తిప్పాడు. పైపు గుటుక్కుమని గాలి మింగింది. గాలి దూరి లాగుడు తెగేసరికి నీళ్లు అక్కడికక్కడే ఆగిపోయాయి.

డ్రిల్లు తుడుచుకుంటూ, తమ్ముడి వైపు చూడకుండా, వళ్లితో అన్నాడు.

“నిన్న కరెంటు పోయినప్పుడు కూడా ఇట్లే ఆపినా. చెప్పమ్మా వాడికి, కింద చుక్క పడితే వాడి తొట్టిని నా చేత్తో పగలగొట్టాల్సి వస్తుందనే ఆ ఓట్టై వేసినానని.”