వంకర చిటికెన వేలు

బస్సులో ఓ అమ్మాయి ఫోన్లో ఆట ఓడిపోయింది. మళ్లీ మొదలుపెట్టే ముందు రెండు చేతులూ కలిపి, వేళ్లు మెలివేసి, ఏదో జపానీ మంత్రం గొణిగింది.

"అదేంటమ్మా?" అన్నాడు పక్కనున్న ముసలాయన.

"నింజా ముద్ర, అంకుల్. ఇది పట్టామంటే మనకిక తిరుగుండదు. మీరూ పట్టండి."

పట్టాడు.

"అయ్యో, కుడి చిటికెన వేలు బయటికి వంగాలి. అసలు కిటుకంతా అక్కడే ఉంది. తిన్నగా ఉంటే మంత్రం పారదు!"

ఓపిగ్గా మళ్లీ చూపించింది. ఆయన వేలు మళ్లీ తిన్నగానే నిలబడింది.

"మీతో వేగలేను బాబూ! ఇంత చిన్న పని రాదేంటి మీకు?"

ఆ ఆటలో ముద్రలన్నీ గీసింది ఆయనే. భార్యను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆమె చేతులు చూస్తూ గీశాడు. తలుపు సందులో నలిగిన ఆమె చిటికెన వేలు మరి తిన్నగా రాలేదు. బొమ్మలోనైనా సరిచేయమని ఆమె పోరింది. ఆయనకు మనసొప్పలేదు.

ఆమె పోయాక, ప్రాణమున్న చేతిమీద ఆ వంపు చూడటం ఇదే మొదలు.

ఆయన దిగాల్సిన స్టాపు ఎప్పుడో దాటిపోయింది.

"ఇంకొక్కసారి చూపించమ్మా," అన్నాడు.